ఊపిరిలో చిటపట: ‘క్రాకిల్’ అను మాట కథ

బిడ్డకు దిష్టి తీసి గుప్పెడు కళ్ళుప్పును పొయ్యిలో వేయుట మన ఇండ్లలో అందరు చూచినదే. మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పము వరకు ఏ పల్లెలో చూచినను ఈ అలవాటు కనబడును. ఉప్పు నిప్పులలో పడగానే చిటపటమనును. ఎంత గట్టిగా చిటపటలాడినచో దిష్టి అంత గట్టిగా తగిలినదని పెద్దల మాట. రసాయనశాస్త్రము చెప్పు కారణము వేరు. ఉప్పు స్ఫటికము ఏర్పడునప్పుడు దాని లోపలి సందులలో కొద్దిపాటి నీరు చిక్కుకొనిపోవును. నిప్పుల వేడికి ఆ నీరు ఆవిరియై, బయటకు పోవు దారిలేక, స్ఫటికమును పగులగొట్టును. ఒక్కొక్క పగులు ఒక్కొక్క చిన్న చప్పుడు. అట్టి చప్పుళ్ళు అనేకము వెంటవెంట వచ్చుటయే మనము వినెడు చిటపట.

ఇదే ఉప్పు చప్పుడును రెండు వందల ఏండ్ల క్రిందట పారిస్ నగరములో ఒక వైద్యుడు మరొకచోట విన్నాడు. అది జబ్బుపడిన మనిషి ఊపిరితిత్తులలో. ఆ శబ్దమును నేడు ప్రపంచమందంతట వైద్యులు ‘క్రాకిల్’ అను ఇంగ్లీషు మాటతో పిలుచుచున్నారు. పండితుల భాషలకు చెందిన పెద్ద పెద్ద పేర్లు కొన్ని పోటీపడగా, చివరకు పొయ్యిదగ్గర పుట్టిన ఈ చిన్నమాట ఎట్లు నిలిచినది? ఒక శబ్దమునకు సరియైన పేరు పెట్టుటలో ఎంత మేలున్నది? ఈ ప్రశ్నలకు సమాధానములో కొంత భాగము మన మదనపల్లె ప్రక్కనే ఉన్నది.

మాట పుట్టుక

‘క్రాక్’ అనగా పగులు, పగిలినప్పుడు వచ్చు చప్పుడు. ఇది చప్పుడును అనుకరించి పుట్టిన మాట. దాని చివర ‘ల్’ అను ప్రత్యయము చేర్చినచో, అదే పని చిన్నచిన్నగా మరల మరల జరుగుచున్నదను అర్థము వచ్చును. ఇట్లు ఏర్పడిన ‘క్రాకిల్’ 15వ శతాబ్దము నాటికే ఇంగ్లీషులో వాడుకలో ఉన్నది. ఒక పెద్ద పగులు క్రాక్. వందల చిన్న పగుళ్ళు క్రాకిల్. మనము ‘చిట్’ అన్నచో ఒక చప్పుడు, ‘చిటచిట’ అన్నచో చప్పుళ్ళ వరుస. ఇంగ్లీషు ప్రత్యయముతో సాధించినదానిని తెలుగు మాటను రెట్టించి సాధించినది.

మొదట ఈ మాట మండుచున్న కట్టెలకు, కాలిక్రింద నలుగు ఎండుటాకులకు చెల్లినది. తరువాత దాని వాడుక పెరిగినది. పింగాణీపాత్ర కాలి చల్లారునప్పుడు పైపూత లోపలి మట్టికంటె ఎక్కువగా ముడుచుకొనినచో, పూతపై సాలెగూటివంటి సన్నని బీటలు పడును. ఆ బీటల అల్లికకును క్రాకిల్ అనియే పేరు. రేడియో వినుచుండగా దూరమున మెరుపు మెరిసినచో వచ్చు చప్పుడును క్రాకిలే. 1919లో జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు హైన్రిఖ్ బార్క్‌హౌజెన్ ఇనుపముక్క చుట్టు తీగ చుట్టి, ఆ తీగను శబ్దమును పెంచు పరికరమునకు కలిపి, అయస్కాంతమును మెల్లగా దగ్గరకు తెచ్చినాడు. అయస్కాంతము కదిలినది మెల్లగానే. వినబడినది మాత్రము చిటపట. ఇనుము ఒకే ఒరవడిలో అయస్కాంతముగా మారుట లేదనియు, దానిలోని చిన్నచిన్న భాగములు ఒక్కొక్కటి ఉన్నట్లుండి దిశ మార్చుకొనుచున్నవనియు ఆ చప్పుడు తెలిపినది. చలనశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు మరొక వింత: స్థానమునకు కాలమునుబట్టి మొదటి అవకలజము వేగము, రెండవది త్వరణము, ఇట్లే పోగా అయిదవ అవకలజమునకు కొందరు వేడుకగా క్రాకిల్ అని పేరు పెట్టినారు.

మన ‘చిటపట’ పోయిన దారి వేరు. పోపులో ఆవాలు చిటపటలాడును. చినుకులు చిటపట రాలును. కోపము వచ్చిన మనిషియు చిటపటలాడును. ఇంగ్లీషు మాట పాత్రల బీటలమీదికి పోయినది. తెలుగు మాట మనిషి స్వభావముమీదికి పోయినది. చెవికి వినబడిన చప్పుడు దాదాపు ఒక్కటే అయినను, ఒక్కొక్క జాతి దానిని ఒక్కొక్క పనికి వాడుకొన్నది.

కుప్పము సంగతి ఇక్కడ చెప్పుకొనదగినది. ఆ ఊరికి ఒకవైపు కర్ణాటక, మరొకవైపు తమిళనాడు. ఒకే పొయ్యిలో మండుచున్న కట్టెలను తెలుగువారు చిటపట అందురు, కన్నడిగులు చటపట అందురు, తమిళులు సడసడ అందురు. మూడింటిలోను మాటను జంటగా పలుకుటయే పద్ధతి. 1969లో అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు మరీ ఎమెనో ఇట్టి అనుకరణ పదములను పరిశీలించి, ఇవి ద్రావిడ భాషలకే పరిమితము కావనియు, వేరు కుటుంబములకు చెందిన భారతీయ భాషలుకూడ వీనిని పంచుకొన్నవనియు చూపినాడు. ఇరుగుపొరుగు భాషలు కలసిమెలసి బ్రదుకుటకు ఇవి గొప్ప సాక్ష్యములు. ద్రావిడ భాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము ఈ కుప్పములోనే వెలసినది. మూడు భాషలు ఒకేచోట వినబడు ఊరిలో అది వెలయుట ఎంతయు తగియున్నది.

కాగితపు గొట్టము

ఇక ఊపిరితిత్తుల కథకు వత్తము. 1816లో రెనే లెనెక్ అను వైద్యుడు పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో ఒక హృద్రోగిని పరీక్షింపవలసివచ్చినది. ఆమె వయసులో ఉన్న స్త్రీ, శరీరము స్థూలము. రొమ్మునకు చెవి ఆనించి వినుట మర్యాదకాదు. అప్పుడాయనకు ఒక సంగతి స్ఫురించినది. దుంగకు ఒక కొనయందు గీకిన సన్నని చప్పుడు, రెండవ కొనకు చెవి ఆనించినచో స్పష్టముగా వినబడును. వెంటనే కాగితమును గట్టిగా చుట్టి, ఒక కొన ఆమె రొమ్ముపై నుంచి, రెండవకొన తన చెవికి ఆనించుకొన్నాడు. గుండె చప్పుడు ఎన్నడును విననంత స్పష్టముగా వినబడినది. స్టెతస్కోపు పుట్టుక ఇది.

తరువాత మూడేండ్లు లెనెక్ వందలాది రోగుల రొమ్ములు విని, మరణించినవారి శరీరములను పరిశోధించి, విన్న శబ్దమునకు లోపలనున్న వ్యాధికిగల సంబంధమును నిర్ణయించి, 1819లో గొప్ప గ్రంథము ప్రకటించినాడు. కాని ఆయనకు ఒక చిక్కు ఎదురైనది. అంతవరకు ఎవ్వరును వినని శబ్దములకు పేర్లేవి? న్యుమోనియా మొదటిదశలో వినబడు సన్నని శబ్దమును ఆయన వేడి పాత్రలో ఉప్పు పేలు చప్పుడుతో పోల్చినాడు. మన దిష్టి ఉప్పు చప్పుడే అది. జబ్బు ఊపిరితిత్తుల శబ్దములకు అన్నిటికి కలిపి ‘రాల్’ అను ఫ్రెంచి మాట వాడినాడు. అదియు అనుకరణ పదమే. గొంతులో గురగుర అని అర్థము. అయితే ప్రజల వాడుకలో అది చావుబ్రదుకులలోనున్న వాని గొంతులోని గురక. మంచము ప్రక్కన నిలిచి వైద్యుడు ‘రాల్’ అన్నచో రోగి తన పని అయిపోయినదనుకొనును. అందుచేత రోగుల ముందు ఆయన ‘రాంకస్’ అను మాట వాడినాడు. రెండు మాటలకును ఆయన ఉద్దేశించిన అర్థము ఒక్కటే.

గ్రంథము ఇతర భాషలలోనికి పోవుటతో గందరగోళము మొదలైనది. రెండు పేర్లున్నవి కాబట్టి రెండు వస్తువులు ఉండవలెనని తరువాతి వైద్యులు భావించినారు. కొందరు తడి శబ్దము రాల్ అన్నారు, పొడి శబ్దము రాంకస్ అన్నారు. లాటిన్ భాషనుండి ‘క్రెపిటేషన్’ వచ్చి చేరినది. మన దేశపు ఆసుపత్రులలో నేటికిని వైద్యులు దానిని కుదించి ‘క్రెప్స్’ అందురు. ఒకే రొమ్మును విన్న ఇద్దరు వైద్యులు రెండు పేర్లు వ్రాయుట, రెండు వేరువేరు శబ్దములకు ఒకే పేరు వ్రాయుట సామాన్యమైనది.

లెనెక్ 1826లో 45 ఏండ్ల వయసున మరణించినాడు. ఎన్ని రొమ్ములలోనో తాను విని గుర్తించిన క్షయవ్యాధియే ఆయనను బలిగొన్నది.

ఆరోగ్యవరములో

క్షయ మన దేశమున ఎన్ని కుటుంబములను ఆర్పినదో చెప్పనలవికాదు. 1882లో రాబర్ట్ కాఖ్ క్షయక్రిమిని కనిపెట్టినను, దానిని చంపు మందు చాలకాలము లేకపోయినది. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి, ఇంతియే చికిత్స. సముద్రమట్టమునకు సుమారు 2,300 అడుగుల ఎత్తున, పొడిగాలి గల మదనపల్లె అందుకు అనువైన చోటని వివిధ క్రైస్తవ మిషన్లు కలసి, ఊరి ప్రక్కన 1915లో క్షయరోగుల శానటోరియమును తెరచినవి. ఆ చోటికి ఆరోగ్యవరమని పేరు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానిని మొదటినుండి నడిపినాడు.

ఆనాటి శానటోరియములో చెవికి ఎంత పనియో ఊహింపుడు. క్షయ సామాన్యముగా ఊపిరితిత్తుల పైభాగమున మొదలగును. అందుచేత వైద్యుడు స్టెతస్కోపును మెడయెముక దగ్గర ఆనించి, రోగిని దగ్గుమనును. దగ్గిన వెంటనే లోనికి పీల్చు ఊపిరిలో సన్నని చిటపట వినబడునేమో చూచును. ఆ చిన్న చప్పుడు, తెమడ పరీక్ష, ఎక్స్-రే చిత్రము కలసి ఒక మనిషి బ్రదుకును నిర్ణయించును. క్షయ అని తేలినచో నెలల తరబడి ఇల్లు వదలి మంచముపై పడియుండవలెను. ఊరిలో వెలివేసినట్లు చూతురు. ఆడపిల్లయైనచో పెండ్లి ఆగిపోవును. పొరపాటున అట్టి ముద్ర పడినచో దానిని చెరుపుట మిక్కిలి కష్టము.

పొరపాటు పడదగిన రోగులు కొందరు ఆరోగ్యవరమునకు వచ్చినారు. దగ్గు ఉన్నది, జ్వరము ఉన్నది, మనిషి చిక్కిపోయినాడు. ఎక్స్-రేలో ఊపిరితిత్తులనిండ మచ్చలున్నవి. చూచినవారెవరైనను క్షయ అందురు. కాని తెమడలో క్షయక్రిములు కనబడలేదు. పైగా రాత్రులందు ఉబ్బసమువలె ఆయాసము వచ్చి, రొమ్ములో కూతలు వినబడినవి. ఈ కూతకు ఇంగ్లీషులో ‘వీజ్’ అని పేరు. అదియు శబ్దమును అనుకరించు మాటయే. మన పల్లెలలో దీనిని పిల్లికూతలు అందురు. రక్తము పరీక్షింపగా ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మామూలుకంటె ఎన్నోరెట్లు ఎక్కువగా కనబడినవి. 1940లో ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అను ఇద్దరు వైద్యులు ఇట్టి రోగులను వర్ణించి, ఇది క్షయవలె కనిపించు వేరొక స్థితి అని ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించినారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ‘ట్రాపికల్ ఇయోసినోఫిలియా’ అని పేరు పెట్టినాడు. బోదకాలు కలిగించు పురుగుల సూక్ష్మమైన పిల్లలకు శరీరము అతిగా ప్రతిక్రియ చూపుటయే ఈ జబ్బునకు మూలమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఆ పురుగులను చంపు డైఇథైల్ కార్బమజీన్ అను మందుతో ఇది నయమగును.

ఇక్కడ చెవియొక్కటే అంతయు తేల్చినదని అనరాదు. ఈ జబ్బులో చిటపటయు వినబడవచ్చును. రక్తపరీక్ష, తెమడపరీక్ష, ఎక్స్-రే అన్నియు కావలసివచ్చినవి. కాని ‘ఇది అంతయు క్షయయేనా?’ అను సందేహము పుట్టుటకు రోగి చెప్పు మాటను, రొమ్ములోని కూతను వేరుగా గుర్తించుట అవసరము. చిటపట వేరు, పిల్లికూత వేరు అని చెవికి తెలియవలెను. ఆ తేడా నిలుచుటకు వానికి వేరువేరు పేర్లుండవలెను.

చెవికి గల హద్దులను కూడ మదనపల్లె చూపినది. క్షయ ఉండియు రొమ్ములో ఏ చప్పుడును లేనివారు అనేకులు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు ప్రయోగాత్మకముగా మొదలైనది మదనపల్లెలోనే. 1950 నుండి 1955 వరకు మదనపల్లెలోను చుట్టుపట్ల పల్లెలలోను ప్రజలను ఎక్స్-రేతోను తెమడపరీక్షతోను పరీక్షించి క్షయ ఏ మేరకున్నదో లెక్కించినారు. జె. ఫ్రిమాట్ మోలర్ ఆ ఫలితములను 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో ప్రకటించినాడు. ఇంతలో మందులును వచ్చినవి. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయచికిత్సా కేంద్రము, ఇంటివద్ద మందులు వాడినవారికిని శానటోరియములో ఉన్నవారికిని ఫలితములో చెప్పదగిన తేడా లేదని 1959లో చూపినది. శానటోరియముల కాలము అంతటితో తీరిపోసాగినది. ఆరోగ్యవరమును క్రమముగా అన్ని వ్యాధులకు చికిత్సచేయు ఆసుపత్రిగా మారినది.

చిన్నమాట గెలుపు

రాల్, రాంకస్‌ల తగవు మాత్రము తీరలేదు. 1957లో రాబర్ట్‌సన్, కూప్ అను వైద్యులు లాన్సెట్ పత్రికలో ఈ గందరగోళమునంతయు బయటపెట్టి, శబ్దము తెగితెగి వచ్చుచున్నదా, తెగక సాగుచున్నదా అనుటయే ముఖ్యమనిరి. 1967లో పాల్ ఫోర్గాక్స్ అదే పత్రికలో క్రాకిల్, వీజ్ అను రెండు మాటలతోనే ఈ శబ్దములను వివరించినాడు. 1977లో మర్ఫీ మొదలగువారు శబ్దతరంగములను కాలములో సాగదీసి కాగితముపై గీయించినారు. చిటపట ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్లకు లోపుగనే ముగియును. సన్ననిది సుమారు 5, మోటుది సుమారు 15 మిల్లీసెకన్లు. పిల్లికూత సామాన్యముగా 100 మిల్లీసెకన్లకు పైగా సాగును. చెవి చెప్పిన తేడాను గీత ధ్రువపరచినది. ఆ యేడే అమెరికా వక్షోవ్యాధి వైద్యుల సంఘము క్రాకిల్ అను మాటను సిఫారసు చేసినది.

దీనికి ఉన్న బలమేమి? ‘తడి రాల్’ అనుటలో శబ్దముతోపాటు ఒక కారణముకూడ ఇరికించినట్లు అగుచున్నది: లోపల నీరున్నది, గాలి బుడగలై పోవుచున్నది అని. ఊపిరితిత్తులు గట్టిపడిన జబ్బులలో నీరు లేకున్నను చిటపట బాగుగా వినబడును. అసలు సంగతి ఏమనగా, ఊపిరి విడిచినప్పుడు మూసుకొనిపోయిన చిన్న శ్వాసనాళములు, పీల్చినప్పుడు ఒక్కొక్కటి తటాలున తెరచుకొనును. ఒక్కొక్క తెరపు ఒక్కొక్క ‘చిట్’. దీనిని ఫోర్గాక్స్ వివరించినాడు. 1994లో సూకీ మొదలగువారు నేచర్ పత్రికలో, మూసుకొనిన ఊపిరితిత్తులలోనికి గాలి పోవుట కొండచరియలు విరిగినట్లు చిన్నవి పెద్దవి అయిన తెరపుల వరుసలుగా సాగునని చూపినారు. బార్క్‌హౌజెన్ ఇనుములో విన్న చిటపటకును దీనికిని పోలిక గమనింపుడు. మెల్లగా పెరుగు ఒత్తిడికి వస్తువు మెల్లగా లొంగక, ఉన్నట్లుండి అంచెలంచెలుగా లొంగునప్పుడు ఇట్టి చప్పుడు పుట్టును. ‘క్రాకిల్’ అను మాట విన్నదానిని మాత్రమే చెప్పినది, కారణమును ముందుగా నిర్ణయింపలేదు. అందుచేత సిద్ధాంతము మారినను మాట మారవలసిన పని కలుగలేదు.

అనుకరణ పదములు పిల్లల మాటలని, శాస్త్రమునకు తగవని కొందరి భావము. ఈ కథ అందుకు ఎదురుగా ఉన్నది. పరిశీలన మొదటిమెట్టు, విన్నది విన్నట్లు చెప్పుట దానికి ధర్మము. తరగతిలో దీనిని చూపుట తేలిక. చెవి దగ్గర నాలుగు వెండ్రుకలను వ్రేళ్ళమధ్య నలుపుడు. సన్నని చిటపట ఎట్లుండునో తెలియును. వైద్యవిద్యార్థులకును దీనినే ఉదాహరణముగా చెప్పుట ఉన్నది. మూతిని బిగించిన బుడగనుండి గాలిని మెల్లగా వదలుడు, కూత వినబడును. రెండింటికి తేడా ఏమని పిల్లలను అడిగి, వారి మాటలలోనే వ్రాయించుడు. పుంగనూరు పిల్లవాడు ఒక మాట చెప్పవచ్చును, కుప్పము పిల్ల తమిళము కలసిన మరొక మాట చెప్పవచ్చును. అన్నియు పరిశీలనలే.

రెండు వారములకు మించి దగ్గు ఉన్నవారు తెమడ పరీక్ష చేయించుకొనవలెనని పిల్లలకు చెప్పుట మరువరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము. ఏ ముసలమ్మయో వైద్యుని ముందు కూర్చుండి, “రాత్రిళ్ళు రొమ్ములో పిల్లికూతలు, నాయనా” అన్నప్పుడు, ఆమె శాస్త్రము తెలియక అట్లు అన్నదనుకొనరాదు. తన ఊపిరిలో విన్నదానిని ఆమె సరిగానే వర్ణించినది. దానిని విని వ్రాసుకొనుట వైద్యుని పని.